మాస్టారి మైదానం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాస్టారూ, 1951లో బ్రెజిల్‌లో కోపా రియో అనే ఫుట్‌బాల్ క్లబ్బుల టోర్నమెంటు జరిగింది కదా. దాన్ని గెలిచిన పాల్మెయిరాస్‌ను ప్రపంచ ఛాంపియన్ అనొచ్చా? అనొచ్చని నేను, ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా ఒప్పుకోలేదు కాబట్టి కుదరదని మా అన్నయ్య, రోజూ గొడవే. ఆ టోర్నమెంటు మళ్లీ ఎప్పుడైనా జరిగిందా?
- డిగ్రీ విద్యార్థి, ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: బాబూ, కాగితం మీ అన్నయ్య వైపే ఉంది. 2014లో ఫిఫా దాన్ని ప్రపంచస్థాయిలో జరిగిన మొదటి క్లబ్ పోటీగా, పాల్మెయిరాస్‌ను విజేతగా ఒప్పుకుంది. 2017కి వచ్చేసరికి యూరప్, దక్షిణ అమెరికా ఛాంపియన్ క్లబ్బుల మధ్య 1960లో మొదలైన ఇంటర్‌కాంటినెంటల్ కప్ విజేతలను ప్రపంచ ఛాంపియన్లుగా గుర్తించింది గానీ 1951ని అందులో కలపలేదు. అయినా నా ఓటు నీకే.

ఆ ముందటేడు ఏం జరిగిందో చూడు. 1950 జూలై 16, మారకానా స్టేడియం. ప్రపంచ కప్ చివరి ఆట. డ్రా చేసుకుంటే చాలు, కప్పు బ్రెజిల్‌దే. మొదటి గోలు కూడా వాళ్లదే. అయినా ఉరుగ్వే 2-1తో గెలిచింది. ఆ దుఃఖం ఆరకముందే, ఏడాది తిరిగేసరికి యూరప్, దక్షిణ అమెరికాల నుంచి 8 క్లబ్బులు బ్రెజిల్‌లో దిగాయి. యువెంటస్, ఆస్ట్రియా వియన్నా, స్పోర్టింగ్, రెడ్ స్టార్, నీస్, ఉరుగ్వే నుంచి నాసియొనల్, సొంతగడ్డ జట్లుగా వాస్కో, పాల్మెయిరాస్.

పాల్మెయిరాస్‌ను పెట్టిందే సావో పావ్లోకి వలస వచ్చిన ఇటలీవాళ్లు. మొదట్లో దాని పేరు పలెస్ట్రా ఇటాలియా. యుద్ధంలో ఇటలీ శత్రుదేశం కావడంతో 1942లో పేరు మార్చుకోవాల్సి వచ్చింది. అలాంటి జట్టుకు ఫైనల్లో ఎదురుపడింది ఇటలీ యువెంటస్! లీగు దశలో యువెంటస్ వీళ్లను 4-0తో చిత్తుగా ఓడించింది. ఆ దెబ్బ తిని కూడా సెమీస్‌లో వాస్కోను దాటారు. వాస్కో అంటే ఆషామాషీ కాదు, ఉరుగ్వే చేతిలో ఓడిన పదకొండు మందిలో ఐదుగురు దాని ఆటగాళ్లే.

ఫైనల్ రెండు ఆటలూ మారకానాలోనే. మొదటిది 1-0, రోడ్రిగెస్ గోలు. జూలై 22న రెండోది. మళ్లీ డ్రా చాలు! యువెంటస్ ఒకసారి ముందుకెళ్లింది, రోడ్రిగెస్ సమం చేశాడు. బోనిపెర్తి కొట్టి మళ్లీ ముందుకు తీసుకెళ్లాడు, లిమిన్యా సమం చేశాడు. 2-2. ఏ డ్రా కోసం ముందటేడు దేశమంతా ఏడ్చిందో, ఆ డ్రా అదే గడ్డ మీద దొరికింది. ఆ రోజు ఆ జనం ప్రపంచాన్ని గెలిచామనుకున్నారంటే తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

మీ అన్నయ్య గట్టిగా వాదించాలనుకుంటే ఫిఫా కాగితం వదిలేసి, వచ్చిన జట్లెవరో అడగమను. ఆ ఏడు ఇటలీ లీగు గెలిచిన మిలాన్ రాలేదు, ఇంగ్లండు నుంచి ఒక్క క్లబ్బూ రాలేదు. అది న్యాయమైన మాట. కానీ రానివాళ్ల లెక్క వచ్చి ఆడినవాళ్ల మీద వేయడం నాకు నచ్చదు.

ఎందుకంటే ఆ బాధ నాకు తెలుసు. డెబ్బైల్లో విజయనగరం అయోధ్య మైదానంలో ఒక షీల్డు టోర్నమెంటు ఆడాం. వానలకు సగం జట్లు రాలేదు, ఐదే వచ్చాయి. అప్పటి బంతి తోలుది, లేసుతో కుట్టి కట్టేవాళ్లం. తడిస్తే రాయిలా బరువెక్కేది. ఫైనల్లో హెడ్ చేస్తే లేసు ముడి తగిలి నుదురు చిట్లింది. గెలిచాం. షీల్డు మీద మా జట్టు పేరుతో వెండి రేకు కొట్టారు. మరుసటి ఏడు ఐదు జట్ల ఆట లెక్కలోకి రాదని కమిటీవాళ్లు ఆ రేకు ఊడదీశారు. తరవాత చాలాకాలానికి ఆ షీల్డు చూశాను. రేకు ఉన్నచోట చెక్క కాస్త లేత రంగులో ఉంది, అటొకటి ఇటొకటి రెండు మేకుల బెజ్జాలు. వేలు పెట్టి తడిమి చూసుకున్నాను. పక్కనున్న మా సెంటర్ ఫార్వర్డు ఏమీ మాట్లాడలేదు.

ఇక నీ రెండో ప్రశ్న. మళ్లీ జరిగింది, 1952లో. ఫైనల్లో ఫ్లుమినెన్సే, కొరింథియన్స్. రెండూ బ్రెజిల్ జట్లే కాబట్టి ఎవరు గెలిచినా కప్పు దేశం దాటేది కాదు. ఫ్లుమినెన్సే గెలిచింది.