పాశ్చరైజర్‌లో 72 డిగ్రీలు సరిగ్గా చూపిస్తున్నా పాలలో బాక్టీరియా కౌంట్ ఎందుకు వస్తోంది?

72 డిగ్రీలు, 15 సెకన్లు హోల్డింగ్, డైవర్షన్ వాల్వ్ (వేడి చాలని పాలను వెనక్కి మళ్లించేది) అన్నీ బాగానే ఉన్నాయి, రెండుసార్లు సిఐపి (మెషీన్ విప్పకుండానే లోపల మందులతో కడగడం) చేసినా పాలలో కోలిఫాం బాక్టీరియా పోవట్లేదు అన్నారు కదండీ. ఫిల్లింగ్ మెషీన్ విప్పే ముందు ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్‌లో (పలుచటి స్టీలు ప్లేట్ల గుండా పాలను వేడి చేసి చల్లార్చే భాగం) రీజెనరేషన్ సెక్షన్, అంటే వేడి పాలతోనే పచ్చి పాలను వేడెక్కించే చోటు చూడండి. మేం ఆ పని చివర్లో చేసి మూడు వారాలు పోగొట్టుకున్నాం.

ఆ సెక్షన్‌లో ఒకే ప్లేటుకి ఒకవైపు చల్లటి పచ్చి పాలు, రెండోవైపు పాశ్చరైజ్ అయిన వేడి పాలు వెళ్తాయి, మధ్యలో ఉండేది సుమారు అర మిల్లీమీటరు స్టీలు మాత్రమే. ప్లేట్ల అంచు రబ్బరు గాస్కెట్ పోతే పాలు బయటికి కారి కనబడతాయి, కానీ ప్లేటుకి చిల్లు పడితే బయట ఒక్క చుక్క కూడా కనబడదు, లోపల్లోపలే కలిసిపోతాయి. అందుకే పాశ్చరైజ్ అయిన వైపు ప్రెషర్ ఎప్పుడూ ఎక్కువ ఉండాలి. అప్పుడు చిల్లు ఉన్నా మంచి పాలే పచ్చి పాలలోకి వెళ్తాయి.

మా దగ్గర ఫ్లో పెంచడానికని అవుట్‌లెట్ వాల్వ్ పూర్తిగా తెరిచేశారు. గేజ్‌లు చూస్తే పచ్చి పాల వైపు 2.1 బార్, పాశ్చరైజ్ అయిన వైపు 1.6. ఆ అంకెలు చూడగానే నాకు గుండె జారింది, ఎందుకంటే అప్పటిదాకా మేం ఉష్ణోగ్రత చార్టు తప్ప ఇంకేమీ చూడలేదు.

ప్లేట్లు విప్పి, కడిగి ఆరబెట్టి, ఒకవైపు ఎర్ర డై కొట్టి, రెండోవైపు తెల్ల డెవలపర్ స్ప్రే చేసి ఇరవై నిమిషాలు ఆగాం. మామూలు కంటికి ఆ ప్లేటు కొత్తదానిలా మెరుస్తోంది. తెల్లటి పొర మీద మాత్రం, పక్క ప్లేటు మడతలు దీని మడతలకి ఆనుకునే చోట, సూది మొనంత ఎర్ర చుక్క నెమ్మదిగా పైకి వచ్చింది. అలాంటివి రెండు ప్లేట్లు దొరికాయి.

కారణం మా అలవాటే అని నా నమ్మకం. షిఫ్ట్ అయ్యాక క్లోరిన్ ద్రావణం ప్లేట్ల మధ్య నింపి రాత్రంతా వదిలేసేవాళ్లం. తుప్పు తట్టుకునే 316 రకం స్టీలు అయినా, ఆ ద్రావణంలోని క్లోరైడ్ నిలవ ఉంటే గుంటలు పడతాయి. ఇప్పుడు కాస్టిక్, నీళ్లు, నైట్రిక్ యాసిడ్, మళ్లీ నీళ్లు, ఆ తర్వాత మొదలుపెట్టే ముందు వేడి నీళ్లతో శానిటైజ్ చేస్తున్నాం, క్లోరిన్ పూర్తిగా మానేశాం.

ఈలోగా ఫాస్ఫటేజ్ టెస్ట్ చేయించండి, అది పచ్చి పాలలో ఉండి పాశ్చరైజేషన్‌లో నశించే ఎంజైమ్, పాజిటివ్ వస్తే పచ్చి పాలు కలుస్తున్నాయనే అనుమానం బలపడుతుంది. నెగటివ్ వచ్చిందని మాత్రం ప్లేట్లని వదిలేయకండి, మరీ చిన్న లీకు ఒక్కోసారి దానికి దొరకదు. బిగించేటప్పుడు ఎంత బిగిస్తే అంత మంచిదనుకోకండి, నేమ్‌ప్లేట్ మీద కంపెనీ ఇచ్చిన కొలత దాటితే ప్లేట్లు ఆనుకునే చోట నలిగి పగులుతాయి, ఇంకో కొత్త చిల్లు మీరే తెచ్చుకున్నట్టవుతుంది. పచ్చి పాలను రీజెనరేషన్‌లోకి తోసే బూస్టర్ పంప్ ఉంటే, పాలు డైవర్షన్‌లో ఉన్నప్పుడు అది ఆగుతోందో లేదో కూడా చూసుకోండి.

రీజెనరేషన్‌కి రెండు వైపులా గేజ్‌లు ఎంత చూపిస్తున్నాయో, మిషన్ నడుస్తున్నప్పుడూ ఆపిన వెంటనే కూడా, ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.