ఉద్యోగం చేసుకుంటూనే పేదరికం తగ్గించడానికి ఏం చేయగలం?

మీరడిగింది ఇదీ: "మాది విజయనగరం, వయసు 25, హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం. ప్రపంచంలో ఇంత పేదరికం ఉంటే నాలాంటివాడి వల్ల ఏమైనా అవుతుందా, లేక ఉద్యోగం మానేసి ఏదైనా సేవా సంస్థలో చేరాలా?"

మానొద్దు. ముందు అది చెప్పేసి మిగతా సంగతి మాట్లాడతాను. మాది శ్రీకాకుళం జిల్లాలో సోంపేట దగ్గర పల్లె. విశాఖలో సాఫ్ట్‌వేర్ పని. ఇన్నేళ్లలో సాయం పేరుతో నేను చేసినవాటిలో సగం తెలివితక్కువ పనులే.

మొదటిది 2018లో. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి తోటలు పడుకుండిపోయాయి. నేను ఆఫీసులో అందరి దగ్గరా పాత బట్టలు పోగుచేసి, వ్యాన్ నిండా ఊరికి పంపించి, గొప్ప పని చేశాననుకున్నా. వారం తర్వాత వెళ్తే ఆ మూటలు రోడ్డు పక్కన నాని ఉన్నాయి. వాటి మీద మేకలు పడుకున్నాయి. మా పెదనాన్న పడిన చెట్టు మొద్దు మీద కూర్చుని, "బట్టలెందుకురా, రంపం మిషను పంపాల్సింది" అన్నాడు. పడిన చెట్లు తీస్తేగానీ కొత్త మొక్క పెట్టడానికి లేదు. పెట్టాక కాపు రావడానికి ఇంకో ఆరేడేళ్లు. బట్టలు పోగుచేసే ముందు ఆయనకి ఒక్క ఫోన్ చేసి "ఏం కావాలి" అని అడగలేదు నేను.

ఐదు నెలలకి, 2019 మార్చిలో, ఇదాయ్ తుఫాను ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశంలో బైరా నగరం దగ్గర తీరం దాటింది. ఎక్కడి మొజాంబిక్, ఎక్కడి సోంపేట! కానీ అప్పటికి మనకీ ఆ దెబ్బ తెలుసు కదా. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని, ఎవరైనా గీయగలిగే మ్యాప్ ఒకటుంది. సహాయానికి వెళ్లేవాళ్లకి ఏ పల్లెలో ఎన్ని ఇళ్లున్నాయో, దారి ఎటో తెలియాలి. అలాంటి మారుమూల పల్లెలు చాలావరకు మ్యాపులకే ఎక్కి ఉండవు. ఉపగ్రహం తీసిన ఫొటో చూసి ఇంటి కప్పులు, బాటలు గీసిపెట్టడమే పని. రెండు ఆదివారాలు కూర్చుని గీశాను. గుండ్రటి గడ్డి కప్పులు వస్తుంటే అచ్చం మన సముద్రపు ఒడ్డు పల్లెల్లో చుట్టిళ్లలాగే ఉన్నాయి. పైసా ఖర్చు లేదు. ల్యాప్‌టాప్, కాస్త ఓపిక ఉంటే మీరూ చేయొచ్చు.

అయితే చదువుకున్నవాడి అవసరం ఎక్కడుందో నాకు బాగా తెలిసింది ఒక పాస్‌బుక్ దగ్గర.

మా వీధిలో ఒకాయన చెన్నైకి తాపీ పనికి వెళ్లి, కడుతున్న బిల్డింగ్ మీద నుంచి పడి చనిపోయాడు. ఆ సంక్రాంతికి నేను ఊరెళ్తే వాళ్లావిడ, నాకు వరసకి వదిన, ఆయన పాస్‌బుక్ పట్టుకొచ్చింది. "ఏటి బాబూ, ఏటా ఇరవై రూపాయలు బేంకోళ్లు ఎందుకు కోసీస్తన్నారు?" అంది. చూస్తే అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో మనిషి పోతే 2 లక్షలు వస్తాయి. బీమా ఉందన్న సంగతే ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు తెమ్మన్నారు. అవి చెన్నైలో ఉన్నాయి, తమిళంలో ఉన్నాయి. నా పక్క సీటులో కూర్చునేది మధురై కుర్రాడు. వాడు రోజూ లంచ్ టైములో స్టేషన్‌కి ఫోన్ చేసి, బతిమాలి, కాపీలు తెప్పించాడు. బ్రాంచిలో మూడుసార్లు తిప్పారు, అందులో ఒకసారి ఆధార్‌లో ఇంటిపేరుకి ఒక అక్షరం తేడా ఉందని. ఆ తేడా సరిచేయించుకోవడానికి ఆమె రెండు రోజుల కూలి పోగొట్టుకుంది. ఐదు నెలలకి డబ్బు ఖాతాలో పడింది. నాకైన ఖర్చల్లా రెండు సెలవులు, బస్సు ఛార్జీలు. అంత మొత్తం నేను చేతి నుంచి ఇవ్వాలంటే ఎన్నేళ్లు పట్టేదో.

ఇక చందాల సంగతి. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో తీవ్ర పేదరికానికి గీత రోజుకి 3 డాలర్లని మార్చింది. దాన్ని ఇవాళ్టి డాలర్ రేటుతో రూపాయల్లోకి లెక్కేయకండి, దేశానికీ దేశానికీ ఉన్న ధరల తేడా సర్ది వేసిన లెక్క అది. ఆ గీత కింద ఉన్నవాళ్లలో ఎక్కువమంది సహారా ఎడారికి దిగువ ఆఫ్రికాలో ఉన్నారు. అక్కడ మలేరియాకి చిన్నపిల్లలు పోతున్నారు, మామూలు దోమతెర చాలామందిని కాపాడుతుంది. సీతంపేట వైపు మన్యం వాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో గివింగ్ వాట్ వి కెన్ అని ఒక సంస్థ మొదలైంది. అందులో చేరినవాళ్లు సంపాదనలో 10 శాతం ఇస్తామని మాటిస్తారు. నాకు ఇంటి లోను, చెల్లి పెళ్లి అప్పు ఉన్నాయి, అంత టెన్షన్ పడలేను. 2 శాతంతో మొదలుపెట్టి ఇప్పుడు 4 దగ్గర ఉన్నా. జీతం పడిన మర్నాడే ఆటో డెబిట్‌లో పోతుంది, లేకపోతే 20వ తారీఖుకి ఏమీ మిగలదు. చందాలకి పన్ను మినహాయింపు పాత పన్ను పద్ధతిలోనే ఉంది, అది మీకే నాకంటే బాగా తెలుసు.

అకౌంట్స్ మనిషి కాబట్టి మీకు ఇంకో పని కూడా ఉంది. ఊళ్లో డ్వాక్రా సంఘం పుస్తకాలు ఎవరు రాస్తున్నారో అడగండి. అప్పు కట్టేసినా బ్యాంకులో బాకీ కనిపిస్తోందని గొడవపడేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. రెండు వైపుల లెక్కా పక్కపక్కన పెట్టి చూడటం మీకు గంట పని.

వెళ్లేది మాత్రం పండక్కి కాకుండా మే నెలలో వెళ్లండి. ఇందాక చెప్పిన బీమాకి ఏడాది జూన్ 1న మొదలవుతుంది. డబ్బు కోసుకునే రోజుకి ఖాతాలో ఆ 20 రూపాయలు లేకపోతే బీమా పోతుంది. మీ వీధిలో వలస వెళ్లినవాళ్ల పాస్‌బుక్‌లు ఇంటివాళ్లనడిగి ఒకసారి చూడండి.