ఆర్చెస్ పార్కులో "మూడు మైళ్లే కదా" అనుకోకండి

వేసవిలో ఇండియా నుంచి పెద్దవాళ్లు రాగానే మొదలయ్యే సందేహం ఇది: "యూటా ట్రిప్ పెట్టుకున్నాం. అమ్మానాన్న డెలికేట్ ఆర్చ్ దాకా నడవగలరా?" అమెరికాలోని యూటా రాష్ట్రంలో, ఆర్చెస్ నేషనల్ పార్కులో సహజంగా ఏర్పడ్డ రాతి తోరణం ఈ డెలికేట్ ఆర్చ్. జూలై మధ్యాహ్నం గురించే అడుగుతుంటే, వాళ్ల సంగతి అలా ఉంచండి, మీరూ వెళ్లొద్దు.

రానూపోనూ 3 మైళ్లు. ఆ అంకె చూసి మనవాళ్లు చేతిలో ఒక్క వాటర్ బాటిల్‌తో బయల్దేరిపోతారు. కానీ నడక మొదలయ్యే వోల్ఫ్ రాంచ్ నుంచి పైదాకా నీడన్నదే లేదు. వేసవిలో ఎండ 100 ఫారెన్‌హీట్ దాటడం అక్కడ మామూలే. కొంత దూరం పోయాక మట్టిబాట ఆగిపోయి, ఒకే పెద్ద బండ మీద ఎక్కాలి. దాని మీద దారి కనిపించదు. అక్కడక్కడ పేర్చిన రాళ్లే గుర్తు. ఆర్చ్ కనబడటానికి ముందు సుమారు 200 గజాలు కొండ అంచునే నడక. ఒకపక్క రాతి గోడ, రెండోపక్క ఖాళీ. ఎత్తంటే భయపడేవాళ్లకు అసలు టెన్షన్ అక్కడే.

అందుకని తెల్లవారుజామునే మొదలుపెట్టండి. సూర్యాస్తమయం చూడాలనుకుంటే తలకు పెట్టుకునే లైటు తప్పనిసరి, దిగేసరికి చీకటి పడిపోతుంది. రోజంతా తిరిగేట్టయితే మనిషికి ఒక గ్యాలన్ నీళ్లు, వాటితోపాటు ఉప్పు తగిలే తిండి ఏదైనా ఉండాలి. పార్కు లోపల హోటళ్లు, పెట్రోలు బంకులు లేవు. అన్నీ దగ్గర్లోని మోయాబ్ ఊళ్లోనే చూసుకోవాలి. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకుండా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

పెద్దవాళ్లను నిరాశపరచక్కర్లేదు. వోల్ఫ్ రాంచ్ దాటి కారులో ఇంకాస్త ముందుకెళ్తే, పార్కింగ్ నుంచి 100 గజాల్లోనే డెలికేట్ ఆర్చ్‌ను దూరం నుంచి చూసే చోటు ఉంది. చిన్నగానే కనిపిస్తుందనుకోండి. నన్నడిగితే వాళ్లకు పార్కులోనే విండోస్ అనే ప్రాంతం ఇంకా నచ్చుతుంది. అక్కడి డబుల్ ఆర్చ్‌కు నడక అర మైలుకు కాస్త ఎక్కువ, అదీ రానూపోనూ కలిపి. బండ మీద బండ నిలబెట్టినట్టుండే 128 అడుగుల బ్యాలెన్స్‌డ్ రాక్ అయితే కారు దిగకపోయినా కనిపిస్తుంది.

ఫొటోల కోసం బాట వదిలి పక్కకు దిగొద్దు. నల్లగా, గరుకుగా, పొంగినట్టుండే ఆ మట్టి ప్రాణమున్న పొర. దాన్ని పట్టి ఉంచేది కంటికి కనిపించని సూక్ష్మజీవులు. ఒక్క అడుగు పడినా మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. డ్రోన్ ఎగరేయడం నిషేధం. రాళ్ల మీద పేర్లు చెక్కితే కేసే. అలాగని ఆ రాళ్లను శాశ్వతమనుకోవద్దు: 1991లో ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ నుంచి పెద్ద పలక ఊడిపడింది, 2008లో వాల్ ఆర్చ్ మొత్తం కూలిపోయింది. కంచె వేసిన చోట కంచె ఇవతలే ఉండండి.

రద్దీ నెలల్లో ప్రవేశానికి ముందే టైమ్ బుక్ చేసుకోవాలనే నిబంధన 2022లో తెచ్చారు. ఇలాంటి రూల్స్, పాస్ ధరలు మారుతుంటాయి కాబట్టి హోటల్ బుక్ చేసేముందే పార్కు వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.