మునిగిన ఓడ పేరు ఎలా తేలుతుంది?

ప్రశ్న: న్యూజెర్సీ తీరానికి దూరంగా 1991లో దొరికిన జర్మన్ జలాంతర్గామిలో పేరు చెక్కిన కత్తి మొదట్లోనే దొరికిందట. అయినా అది ఏ నౌకో తేల్చడానికి 1997 దాకా ఎందుకు పట్టింది? (భీమిలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కత్తి పిడి మీద ఉన్న పేరు ‘హోరెన్‌బర్గ్’. ఆ పేరుగల రేడియో ఆపరేటర్ యు-869 అనే జర్మన్ జలాంతర్గామిలో పనిచేశాడు. కానీ యుద్ధం ముగిశాక తయారైన జాబితాల ప్రకారం యు-869 మునిగింది ఆఫ్రికా తీరాన, రబాత్ దగ్గర. దాంతో కత్తిని పక్కనపెట్టి, ఇది మరో జర్మన్ జలాంతర్గామి యు-857 అయి ఉంటుందని కొంతకాలం నమ్మారు. నిజానికి ఆ జాబితాలో ఉన్నది కళ్లారా చూసిన సాక్ష్యం కాదు, రేడియో సందేశాలను, దాడి నివేదికలను జతచేసి కట్టిన ఊహ. యు-869ను ముందు అమెరికా వైపు పంపి, తర్వాత జిబ్రాల్టర్‌కు మళ్లమన్నారు. ఆ రెండో ఆదేశం దానికి అందినట్టు లేదు.

అలాగని కత్తి ఒక్కటే చాలదు. కత్తి, పళ్లెం, చొక్కా ఎవరి చేతిలోనైనా మరో ఓడకు చేరతాయి. అక్కడ దొరికిన పళ్లేల మీద 1942 అని ఉంది. దాన్నిబట్టి కాలం తెలుస్తుంది, పేరు తెలియదు. పైగా యుద్ధకాలంలో జర్మన్లు జలాంతర్గామి బయటి గోడ మీది నంబర్లు చెరిపేసేవారు. కాబట్టి వెతకాల్సింది ఆ నౌకకే కేటాయించిన, నంబరున్న సామాను. చివరికి ఎలక్ట్రిక్ మోటార్ల గదిలోని విడిభాగాల పెట్టె మీది చిన్న పలక ‘యు-869’ అని చెప్పింది. ఆ గదికి వెళ్లే దారికి డీజిల్ ఇంజన్ల దగ్గర కూలిన ఇనుము అడ్డం పడింది. అందుకే అన్నేళ్లు.

ప్రశ్న: అంత లోతులో మామూలు గాలి పీల్చకూడదంటారు. ఎందుకు?

జవాబు: ఆ నౌక సుమారు 70 మీటర్ల లోతున ఉంది. నీటి పైన గాలి పీడనం ఒక బార్ (పీడనం కొలత). ప్రతి 10 మీటర్లకు ఒక బార్ చొప్పున పెరిగి, అక్కడ పీడనం 8 బార్లవుతుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం, అంటే అక్కడ 1.68 బార్లు. 1.6 దాటితే ఫిట్స్ ప్రమాదం ఎక్కువ. నోట్లోని మౌత్‌పీస్ జారిందా, మునిగిపోవడమే. నైట్రోజన్ 6.3 బార్లకు చేరి మత్తెక్కిస్తుంది. గేజ్ చూస్తూనే అంకె బుర్రకెక్కదు.

అందుకే హీలియం కలిపిన ట్రైమిక్స్ వాడతారు. 15 శాతం ఆక్సిజన్, 50 శాతం హీలియం, మిగతాది నైట్రోజన్ అనుకుందాం. 70 మీటర్ల దగ్గర ఆక్సిజన్ 1.2 బార్లు, నైట్రోజన్ 2.8 బార్లు. గాలితో 25 మీటర్లకు దిగినప్పటి మత్తే ఉంటుంది. అయితే ఇదే మిశ్రమం నీటి పైన సరిపోదు, స్పృహ తప్పొచ్చు. పై కొన్ని మీటర్లకు వేరే సిలిండర్ ఉండాలి.

గాలి లెక్క ఇంకా కఠినం. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ 160 లీటర్లు కావాలి. 200 బార్లకు నింపిన 12 లీటర్ల సిలిండర్‌లో 2400 లీటర్లుంటాయి. అంటే 15 నిమిషాలే, అదీ అత్యవసరానికి ఏమీ మిగల్చకుండా! అడుగున 20 నిమిషాలు గడిపితే మెట్లుమెట్లుగా ఆగుతూ పైకి రావడానికి గంటకు పైనే పడుతుంది. నౌక లోపల కాలికి తొడిగిన ఫిన్ (ఈతరెక్క) ఒక్కసారి బురదకు తగిలితే చేయి కూడా కనబడదు. అందుకే గుమ్మం దగ్గర తాడు కట్టి, దాన్ని వదలకుండా వెళ్లాలి. ఆ నౌక దగ్గర 1991, 1992ల్లో ముగ్గురు డైవర్లు ప్రాణాలు కోల్పోయారు.

ప్రశ్న: విశాఖ దగ్గరి ఘాజీ విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉందా?

జవాబు: పేరు విషయంలో లేదు. 1971 డిసెంబరులో మునిగింది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీయేనని, అది ఒకప్పటి అమెరికన్ ‘డయాబ్లో’ అని అందరూ ఒప్పుకున్నదే. చిక్కల్లా కారణం దగ్గరే. భారత నౌకాదళం తన నౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జిలు (నీటి లోపల పేలే బాంబులు) అంటుంది, పాకిస్తాన్ ప్రమాదవశాత్తు జరిగిన పేలుడంటుంది. యు-869దీ ఇదే పరిస్థితి. వదిలాక చుట్టు తిరిగొచ్చి తనకే తగిలిన సొంత టార్పెడోనా, అమెరికన్ నౌకల దాడా అన్న వాదన నడుస్తూనే ఉంది. పేరు పలక మీద దొరుకుతుంది. కారణానికి మాత్రం బయటి గోడ రేకులు లోపలికి వంగాయా, బయటికి విచ్చుకున్నాయా అని గాయం గాయం కొలిచి చూడాలి. రెండింటిలోనూ నావికుల అవశేషాలున్నాయి కాబట్టి ఆ కొలతలు ఏమీ కదపకుండానే తీయాలి.