సూది విరిగితే ముందు ముక్కలు వెతకండి

పాపా,

మొన్న ఫోన్‌లో నీ షెడ్డులో ఒక అమ్మాయి వేలిలో మిషన్ సూది విరిగిందని నువ్వు చెప్పినప్పుడు, మిషన్ల మోతకి నేను చెప్పింది నీకు సగం కూడా వినపడినట్టు లేదు, అందుకే రాసి పంపుతున్నా. నీ షెడ్డులో పనిచేసే పిల్లలకీ చదివి వినిపించు. రాయదుర్గంలో ఏ వీధికి పోయినా జీన్స్ కుట్టే మిషన్ కనిపిస్తుంది, వేలిలో సూది దిగని టైలర్ ఉండడు, కానీ సూది విరిగి లోపల ఉండిపోతే ఏం చెయ్యాలంటే మాత్రం తలా ఒక మాట చెప్తారు. నేను సర్జరీ ఓపీలో, డ్రెస్సింగ్ రూములో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఈ కేసులు చాలా చూశాను. సూది గుచ్చుకుని నేరుగా వచ్చినవాళ్ళ కంటే, గుచ్చుకున్నాక ఇంట్లో కెలికించుకుని వచ్చినవాళ్ళే మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టారు.

సూది దిగగానే ఎవరైనా చెయ్యి వెనక్కి గుంజుకుంటారు, దానికి తిట్టి లాభం లేదు. మిషన్ సూది గట్టి ఉక్కు, పెద్దగా వంగే రకం కాదు, అడ్డంగా బలం పడితే టక్కున విరుగుతుంది, చాలాసార్లు విరిగేది ఈ గుంజులాటలోనే. అందుకని పక్క మిషన్ మీద ఉన్నవాళ్ళు వెంటనే లేచి సూది దిగినవాళ్ళ చెయ్యి కదలకుండా పట్టుకోవాలి, పెడల్ మీద నుంచి కాలు తీయించాలి, స్విచ్ ఆపాలి. పాత క్లచ్ మోటార్లు స్విచ్ ఆపినా కాసేపు తిరుగుతూనే ఉంటాయి, ఆ టైములో పొరపాటున పెడల్ మీద కాలు పడితే సూది ఇంకో పోటు పొడుస్తుంది. మోటారు పూర్తిగా ఆగాక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి సూదిని పైకి లేపండి, సులువుగా వచ్చేస్తే సరే. ఎముకలో ఇరుక్కుని రానంటే బలవంతం వద్దు. సూది బిగించిన స్క్రూ వదులు చేసి, సూదిని వేలిలోనే ఉంచి, దారం కత్తెరతో కత్తిరించి, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దారం పట్టుకుని లాగొద్దు.

ఉంగరం, గాజులు అప్పుడే తీసేయండి, వాపు వచ్చాక ఉంగరం కోయాల్సి వస్తుంది. సూది బయటికి వచ్చేసి ఉంటే కొళాయి కింద సబ్బుతో కడిగి, రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి చెయ్యి పైకెత్తి పెట్టించండి. ముక్క లోపల ఉందని అనుమానం ఉంటే దాని మీదే అదమొద్దు, పక్కల అదమండి. వేలి మొదట్లో దారంతో గట్టిగా కట్టడం మా కాలం నుంచీ ఉన్న చెడ్డ అలవాటు, అది చెయ్యొద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. దెబ్బ తగిలినవాళ్ళని ఒకరు ఆటో ఎక్కిస్తుంటే ఇంకొకరు కింద కూర్చుని సూది ముక్కలు వెతకాలి. ముక్కలు దొరక్కపోతే లోపల ఏమైనా ఉందో లేదో గాయాన్ని చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు, ఎందుకంటే చర్మం మీద కనిపించేది చిన్న చుక్క, అది కాసేపటికే మూసుకుపోతుంది, నొప్పి కూడా తగ్గిపోతుంది, అందరూ ఏం లేదులే అనుకుంటారు. తర్వాత ఎప్పుడో ప్యాంటు మడత పట్టుకోగానే లోపల సుర్రుమంటుంది, అప్పుడు పరుగులు. కాబట్టి అదే నంబరు కొత్త సూది ఒకటి తెల్ల కాగితం మీద పెట్టి, విరిగిన ముక్కల్ని దాని పక్కనే వరసగా పేర్చి చూడు. మొన మొత్తం ఉందా, దారం ఎక్కే కన్ను ఉందా, మధ్యలో ఎక్కడైనా తగ్గిందా అన్నది కంటికే తెలుస్తుంది. ఒక అయస్కాంతం కొని షెడ్డులో మేకుకి తగిలించు. నేల మీద, బాబిన్ కేసులో, గుడ్డ మడతల్లో ముక్కలు వెతకడానికి దానికి మించింది లేదు. దాన్ని వేలికి ఆనించి లోపలి ముక్కని లాగుదామని మాత్రం ఎవరూ చూడొద్దు, చర్మం లోపలి నుంచి అలా ఏదీ రాదు.

ఎక్స్‌పోర్ట్ గార్మెంట్ కంపెనీల్లో చేసినవాళ్ళు మీ దగ్గర ఉంటే అడుగు, అక్కడ సూది విరిగితే ముక్కలన్నీ తెచ్చి రిజిస్టర్లో టేపుతో అంటించాలి, లెక్క తేలితే గానీ కొత్త సూది ఇవ్వరు. వాళ్ళ భయం పసిపిల్ల గౌనులో సూది మొన వెళ్ళిపోతుందని. ఆ పద్ధతి మన వేళ్ళకీ పనికొస్తుంది. ముక్కలు అంటించిన కాగితం, దాంతో పాటు ఒక కొత్త సూది డాక్టరు దగ్గరికి పంపితే ఎంత పొడవు ముక్క కోసం వెతుకుతున్నాడో ఆయనకి తెలుస్తుంది. ఏ వైపు నుంచి దిగింది, దారంతో సహా దిగిందా అన్నది కూడా చెప్పించు. సూది ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది గానీ పాలిస్టర్ దారం కనిపించదు, ఆ దారం పోగు లోపల ఉండిపోయి చీము పట్టిన వేళ్ళు నేను చూశాను.

ముల్లుని ముల్లుతోనే తీయాలని మన వైపు సామెత ఉంది కదా, ఆ సామెత పట్టుకుని సూది ముక్క మీదకి పిన్నీసులు, బ్లేడ్లు తెచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఒకరుంటారు. తుమ్మ ముల్లు గరుకుగా ఉండి చర్మానికి పట్టుకుని ఉంటుంది, పిన్నీసుతో పక్క తోలు లేపితే దొరుకుతుంది. సూది ముక్క నున్నగా ఉంటుంది, కెలికిన ప్రతిసారీ ఇంకాస్త లోపలికి జారుతుంది. పైగా వేలికి రెండు పక్కలా నరాలు, రక్తనాళాలు ఉంటాయి, అరచేతి వైపు వేలిని మడిచే తాడు లాంటి స్నాయువు ఉంటుంది, బ్లేడు వాటికి తగిలితే సూది పోయినా వేలు పనికిరాకుండా పోతుంది. ఒకాయన అలాగే ఎవరి చేతో బ్లేడుతో కోయించుకుని వచ్చాడు, సూది దిగిన దారి ఏదో, బ్లేడు కోసిన దారి ఏదో మాకు తెలియలేదు, ఆ వేలు సగమే మడతపడేది. బెల్లం సున్నం పట్టు వేస్తే ముక్క బయటికి ఉబికి వస్తుందని మీ అవ్వ చెప్తుంది, ఆమె మీద గౌరవం ఉంచుకునే చెప్తున్నా, వద్దు. సున్నం, పసుపు, కాఫీ పొడి, కిరోసిన్ ఏదీ వద్దు.

ఒక్క సందర్భంలో ఇంట్లో తీయొచ్చు. ముక్క కొస చర్మం పైకి స్పష్టంగా కనిపిస్తూ, కడిగి స్పిరిట్‌తో తుడిచిన చిమ్టాకి సులువుగా చిక్కితే, దిగిన దారిలోనే నేరుగా వెనక్కి లాగండి. ఒకసారికి రాకపోతే ఆపేయండి. వచ్చినా సరే కాగితం మీద పెట్టి పొడవు సరిపోయిందో లేదో చూడాల్సిందే.

ఎక్స్‌రే ఒక్క వైపు తీసి పంపించేస్తే ఒప్పుకోవద్దు. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, కనీసం రెండు ఉండాలి, లేకపోతే ముక్క వేలి ముందు వైపు ఉందో వెనక వైపు ఉందో తెలియదు. గాయం ఉన్న చోట గుండు పిన్నో, చిన్న తీగ ముక్కో టేపుతో అంటించి తీస్తే, ఆ గుర్తుకి ఎంత దూరంలో ఉందో డాక్టరుకి లెక్క దొరుకుతుంది, టెక్నీషియన్‌ని అడిగితే చేస్తాడు. లోపల ఉక్కు ముక్క ఉన్నవాళ్ళకి ఎంఆర్ఐ పనికిరాదు, అందులో ఉండేది చాలా బలమైన అయస్కాంతం. ఎప్పుడైనా వేరే జబ్బుకి ఎంఆర్ఐ రాసినా ఈ సంగతి ముందే చెప్పాలి.

ముక్క పైపైన ఉంటే రాయదుర్గంలోనే సర్జన్ దగ్గర పని అయిపోతుంది, వేలి మొదట్లో మత్తు సూది వేసి తీస్తారు. లోతుగా, కీలు దగ్గర, అరచేతిలో ఉంటే అక్కడ పట్టుబట్టకుండా అనంతపురం సర్వజన ఆసుపత్రికో బళ్ళారి పెద్దాసుపత్రికో పోవడం మంచిది, సీ ఆర్మ్ అని ఒక ఎక్స్‌రే మిషన్ ఉంటుంది, ఆపరేషన్ చేస్తూనే తెర మీద ముక్క ఎక్కడుందో చూసుకోవచ్చు. ఇంత చిన్న ముక్కకి అంత హంగామా ఎందుకని మీ ఆయన అంటాడు. అననీ. ఎక్స్‌రేలో ఎంత తేటగా కనిపించినా, కోసి చూస్తే రక్తంలో, కొవ్వులో అది దొరకదు, పెద్ద పెద్ద సర్జన్లే చెమటలు పట్టి వెతకడం నా కళ్ళతో చూశాను.

కొన్నిసార్లు డాక్టరే తీయక్కర్లేదు అంటాడు. మరీ చిన్న ముక్క, లోతులో, నొప్పి లేకుండా, నరానికీ కీలుకీ దూరంగా ఉంటే, కోసి వెతకడం వల్ల జరిగే నష్టమే ఎక్కువని వదిలేస్తారు, చుట్టూ కండ గట్టిపడి ముక్క అక్కడే ఉండిపోతుంది. అప్పుడు ఆ డాక్టర్ చేతకానోడని ఊరంతా చెప్పుకుంటూ తిరగొద్దు. సూది రక్తంలో పడి రాత్రికి రాత్రే గుండెకి పోతుందని ఆ అమ్మాయిని ఎవరో ఏడిపించారన్నావు కదా, వేలిలో ఇరుక్కున్న ముక్క అలా పరుగెత్తదు. కండ కదలికకి కొంచెం కొంచెం జరగడం మాత్రం ఉంది, అందుకే తీయించేదాకా ఆ చేత్తో పని చెయ్యకూడదు, తీయించేది త్వరగా తీయించాలి.

టీటీ సూది, అదే ధనుర్వాతం రాకుండా వేసేది, ఇప్పుడు టీడీ అంటున్నారు, మర్చిపోవద్దు. చిన్నప్పటి టీకాలన్నీ పడ్డవాళ్ళకైనా, నూనె, దుమ్ము ఉన్న సూదితో లోతుగా దిగిన గాయానికి చివరి టీకా వేసుకుని 5 ఏళ్ళు దాటి ఉంటే మళ్ళీ వేయించాలి. అసలు ఎప్పుడూ వేసుకోలేదు, గుర్తు లేదు అంటే అదే మాట డాక్టరుకి చెప్పాలి, వాళ్ళకి ఇంకో ఇంజెక్షన్ కూడా అవసరం పడొచ్చు. ఒకరి వేలిలో దిగిన సూది విరగకపోయినా దాంతో ఇంకొకరు కుట్టొద్దు, పారేసి కొత్తది వేయించు. అదే ఎవరికో వాడి పారేసిన ఇంజెక్షన్ సూది గుచ్చుకుంటే సంగతి వేరు, అప్పుడు ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి, హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటలు దాటితే మొదలుపెట్టి లాభం లేదు.

మాట మధ్యలో ఒకటి. మీ నాన్న ఇన్సులిన్ పెన్ సూది ఒకటే రోజుల తరబడి వాడుతున్నాడని మీ అమ్మ చెప్పింది. వాడిన కొద్దీ దాని మొన వంగుతుంది, ఏదో ఒక రోజు విరిగి పొట్ట చర్మం కింద ఉండిపోవచ్చు. మా అన్న నా మాట వినడు, నువ్వు చెప్తే వింటాడు.

ఇక ఆ అమ్మాయి వేలుని రోజూ నువ్వే చూడు. వేలు మొత్తం ఒకే లావుగా వాచి, కొంచెం వంగి ఉండి, చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి, అరచేతి వైపు పొడవునా ముట్టుకుంటే నొప్పి, ఇవి కనిపిస్తే స్నాయువు గొట్టంలో చీము పడుతోందని అర్థం. అది తెల్లారేదాకా ఆగే సంగతి కాదు, అర్ధరాత్రైనా బయల్దేరండి. మణికట్టు మీదుగా ఎర్రటి గీత పాకినా, చలిజ్వరం వచ్చినా, వేలి కొస మొద్దుబారినా, మడవలేకపోయినా అంతే. షుగర్ ఉన్నవాళ్ళైతే ఇంత లక్షణాలు కనిపించేదాకా కూడా ఆగొద్దు.

మిషన్ల సంగతి నాకంటే నీకే తెలుసు, అయినా చెప్తా. మడతలు ఎక్కువ ఉన్న చోట 16 నంబరు సన్నం సూదితో నెట్టుకురావద్దు, 18 గానీ 21 గానీ వేయించు, మడతని సుత్తితో కొట్టి పల్చన చేశాకే గుడ్డని అదిమే ఫుట్ కిందకి పంపమను. గుడ్డని వెనక నుంచి లాగితే సూది వంగి ప్లేటుకి తగిలి విరుగుతుంది. పని స్పీడు తగ్గుతుందని ఫింగర్ గార్డులు విప్పి డబ్బాలో పడేశారట, వాటిని రేపే బిగించు. విరిగిన మొన కంట్లోకి కూడా ఎగురుతుంది, అది వేలు కంటే పెద్ద కష్టం.

పెద్ద ఫ్యాక్టరీలో అయితే ఈఎస్ఐ అని కార్మికుల బీమా ఉంటుంది, నెల జీతం 21 వేల లోపు వాళ్ళకి వర్తిస్తుంది, పనిలో దెబ్బ తగిలి సెలవు పెడితే జీతంలో 90 శాతం దాకా వస్తుంది, దెబ్బ తగిలిన రోజే యాక్సిడెంట్ రిజిస్టర్లో రాయించుకోవాలి. నీ షెడ్డులో అవేవీ లేవు, పీసుకింత అని లెక్క. కాబట్టి ఎక్స్‌రే, మందులు, బళ్ళారి బస్సు ఛార్జీలు నువ్వే పెట్టుకో, కుట్లు తీసి డాక్టరు సరే అనేదాకా ఆమెకి మిషన్ పని చెప్పొద్దు. దారాలు కత్తిరించడం లాంటివి కూడా ఆ చేత్తో వద్దు. ఆ రోజుల కూలి మాత్రం ఆపకు, శనివారం అందరితో పాటే ఇవ్వు.

అత్త