ఒకే టైముకి వెళ్తున్నా స్కిమ్మర్ల (తీరంలో గుంపులుగా వాలే నీటి పక్షులు) లెక్క కుదరకపోవడం గురించి
తేడా మీ లెక్కలో కాదు, పోటులో ఉంది. కాకినాడ తీరంలో రోజూ ఉదయం 7కే వెళ్తున్నా ఒక రోజు వందల్లో, మూడు రోజులకే పదుల్లో కనిపించాయన్నారు కదా. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మూడు రోజుల్లో రెండున్నర గంటలు! మీ గడియారం మారలేదు, సముద్రం మారింది.

1. ముందు పోటు టైము చూడండి, తర్వాతే తేదీ పెట్టుకోండి. అందరూ వదిలేసేది ఇదే. పాటులో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, బురదమేటలన్నీ తేలి పక్షులు చెదిరిపోతాయి. పోటెక్కేకొద్దీ మిగిలిన ఇసుకదిబ్బ మీదికి చేరి, గాలికి ఎదురుగా ముక్కులు పెట్టి కూర్చుంటాయి. నిండు పోటుకు గంటన్నర ముందే చేరుకోండి.

2. అమావాస్య, పౌర్ణమి దగ్గర దిబ్బే మునిగిపోవచ్చు. ఆ రోజుల లెక్క విడిగా రాయండి. (వేటకెళ్లేవాళ్లను అడిగితే యాప్ కన్నా బాగా చెప్తారు.)

3. గుంపును ముక్కలుగా ఫొటో తీసి ఇంట్లో లెక్కపెట్టండి. టెర్న్‌ల (అదే దిబ్బ మీద వాలే మరో రకం తీర పక్షులు) మధ్య స్కిమ్మర్‌ను నారింజ ముక్కుతో పట్టుకోవచ్చు. కింది దవడ పొడుగు.

4. కుక్కో పడవో వచ్చి గుంపు లేస్తే ఆ లెక్క వదిలేసి, వాలాక మళ్లీ మొదలుపెట్టండి.

పాత నోట్సు పారేయకండి, ప్రతి తేదీ పక్కన ఆనాటి పోటు టైము రాసుకుంటే చాలు.