కొంగ మెడలో ఉప్పు

అల్లుడూ, నువ్వు పంపిన ఫోటో పొద్దున్నుంచి నాలుగుసార్లు చూశాను. జోడుగుళ్ళపాలెం ఒడ్డున దొరికిన కర్రతో కొంగ చేశావు కదా, ఆ మెడ వంపు నువ్వు చెక్కింది కాదు, కర్రలోనే ఉంది, దాన్ని నువ్వు కనిపెట్టావు, నాకు నచ్చింది అదే. కానీ అప్పుడే వార్నిష్ కొట్టేశానన్నావు చూడు, అక్కడ గుబేలుమంది.

నేనూ ఇదే చేశాను. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఎక్కడ చూసినా కూలిన చెట్లే, డ్యూటీ దిగి రోజూ సైకిల్ మీద ఏదో ఒక కొమ్మ ఇంటికి తెచ్చేవాణ్ణి, మీ అత్త కేకలేసేది. అలలకి కొట్టుకొచ్చిన దుంగ ఒకటి దొరికితే చేప చేసి, రెండ్రోజులు ఎండబెట్టి వార్నిష్ వేసేశా. వానలు మొదలయ్యేసరికి లోపలి ఉప్పు తెల్లగా పైకి పూసి వార్నిష్ పొరలు పొరలుగా లేచిపోయింది. ఏడుపొచ్చింది నిజంగా.

అందుకే సముద్రం కర్ర దొరికితే ముందు మంచినీళ్ళ తొట్టిలో ముంచి పైన రాయి పెట్టు, రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చు, సన్నదైతే రెండు వారాలు, లావుదైతే నెల పైనే. తర్వాత నీడలో ఆరబెట్టు, ఎండలో పెడితే పగుళ్ళిస్తుంది. మన వైజాగ్ గాలిలో తేమకి నెలలు పడుతుంది, వారానికోసారి కాటా మీద తూచుకో, బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు. గొట్టాల్లా కన్నాలుంటే పూడ్చకు, అది పురుగులా కనిపించే ఆల్చిప్ప జాతి జీవి తొలిచిన దారి, ఈకల్లా ఎంత బావుంటుందో!

ఆర్ట్ కాలేజీలో చదవలేదని బాధపడ్డావు. చండీగఢ్ రాక్ గార్డెన్ కట్టిన నేక్ చంద్ రోడ్ ఇన్‌స్పెక్టరు నాన్నా, 1957 నుంచి డ్యూటీ అయ్యాక పగిలిన గాజులూ పెంకులూ ఏరుకొచ్చి ఎవరికీ చెప్పకుండా కట్టుకుంటూ పోయాడు, జనానికి తెరిచింది 1976లో.

రంగుల కోసం ఒకసారి లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక వెళ్ళు. అక్కడ లేత్ మీద తిరిగే అంకుడు కర్రకి లక్క పట్టిస్తారు, నీ వంకర కర్రకి ఆ పద్ధతి కుదరదు, కానీ గింజల్లోంచీ ఆకుల్లోంచీ రంగెలా తీస్తారో దగ్గరుండి చూడాలి. ఎర్రమట్టి దిబ్బల మట్టి మాత్రం పిడికెడు కూడా తేవద్దు, లోపల ప్రాణమున్న గవ్వల జోలికి అసలు పోవద్దు.

ఆదివారం కొంగని తీసుకురా, ఇసక కాగితంతో వార్నిష్ గీకేసి నా తొట్టిలోనే వేద్దాం. కాళ్ళు ఫెవికాల్‌తో అతికించి ఉంటే ముందే ఊడదియ్యి, నీళ్ళలో ఎలాగూ ఊడిపోతాయి.

— మావయ్య